పల్చని తొక్క ద్రాక్ష: పినో నార్ మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ శీర్షికలో రెడ్ వైన్ ఎలా తయారవుతుందో రాస్తూ చివర్లో పినో నార్ అనే ద్రాక్ష పేరు ఎత్తాను. రాసింది ఒక్క వాక్యమే. దానికి వచ్చిన ఉత్తరాలు మాత్రం ఒక కట్ట అయ్యాయి. చంద్రగిరి నుంచి కుప్పం దాకా అడిగారు. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం చెబుతున్నాను: నేను తిరుపతిలో హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లలకు పాఠాలు చెబుతాను. అంతకు ముందు న్యూజిలాండ్‌లో సెంట్రల్ ఒటాగో అనే చలి ప్రాంతంలో ఒక వైనరీలోనూ, దానికి ఆనుకుని ఉన్న రెస్టారెంట్‌లోనూ పని చేశాను. అక్కడ పండేది ఎక్కువగా ఈ ద్రాక్షే. నాకు అన్ని ద్రాక్షల్లోకీ ఇదంటేనే ఇష్టం, అందుకే ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను. ఉత్తరాలన్నీ చదివాక ఒకటి అర్థమైంది. రంగు గురించి అడిగినా, ధర గురించి అడిగినా, మన నేలలో పండుతుందా అని అడిగినా, జవాబు చివరికి దీని తొక్క దగ్గరికే పోతోంది.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఒరెగాన్‌లో ఉంటాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు వాళ్ల నాన్నకని ఒక పినో నార్ బాటిల్ తెచ్చాడు. రెడ్ వైన్ అన్నాడు కానీ గ్లాసులో పోస్తే అవతల ఉన్న చెయ్యి కనబడుతోంది. మా ఆయన "ఎవరో నీళ్లు కలిపారు" అంటున్నారు. పాడైందా, కల్తీయా? ఇంకో బాటిల్ కూడా ఉంది. బీరువాలో దాచుకోవచ్చా మేడమ్?
— ఒక గృహిణి, తిరుపతి

జవాబు: పాడవలేదమ్మా, కల్తీ అంతకన్నా కాదు. పినో నార్ అలాగే ఉంటుంది.

ఇంట్లోనే ఒక చిన్న పని చేసి చూడండి. మార్కెట్లో గింజలుండే నల్ల ద్రాక్ష, అదే బెంగళూరు బ్లూ, ఒక పావుకిలో తెచ్చుకోండి. ఒక కాయను రెండు వేళ్ల మధ్య నొక్కితే గుజ్జు గుండ్రంగా జారి బయటపడుతుంది, తొక్క వేళ్ల మధ్యే ఉండిపోతుంది. గుజ్జు చూడండి, లేత ఆకుపచ్చగా ఉంటుంది. ఇప్పుడు తొక్క లోపలి వైపును తెల్లటి పళ్లెం మీద గట్టిగా రుద్దండి. వంకాయ రంగు మరక పడుతుంది. అంటే రంగంతా తొక్కలోనే ఉంది. అందుకే రెడ్ వైన్ చేసేవాళ్లు రసం ఒక్కటే పులియబెట్టరు, తొక్కలతో సహా తొట్టిలో వేసి రోజుల తరబడి ఉంచుతారు. పులిసేటప్పుడు పుట్టే ఆల్కహాలు, వేడి కలిసి తొక్కలోని రంగునూ వగరునూ రసంలోకి లాగుతాయి. నల్ల ద్రాక్షనే తొక్కలు తీసేసి రసం మాత్రం పులియబెడితే తెల్ల వైన్ వస్తుంది. ఫ్రాన్స్‌లో షాంపేన్‌కి వాడే మూడు ముఖ్యమైన ద్రాక్షల్లో పినో నార్ ఒకటి. షాంపేన్ రంగు చూసి అందులో నల్ల ద్రాక్ష ఉందని ఎవరూ అనుకోరు కదా.

కాబెర్నే సావిన్యోన్, షిరాజ్ లాంటి ద్రాక్షలకు తొక్క మందం, రంగు చిక్కన. పినో నార్‌కి తొక్క పల్చన, అందులో రంగు పదార్థాలు తక్కువ. పైగా మిగతా రెడ్ వైన్ ద్రాక్షల్లో రంగును గట్టిగా పట్టి ఉంచే ఒక తరహా ఆంథోసయనిన్లు (తొక్కకు రంగునిచ్చే పదార్థాలు) దీంట్లో లేనే లేవు. అందుకని గ్లాసు వెనక చెయ్యి కనబడుతుంది. కొన్నేళ్లు పోతే అంచు దగ్గర ఇటుక రంగు కూడా వస్తుంది, అదీ తప్పు కాదు. రంగు చూసి ఈ వైన్‌ను చులకన చెయ్యకండి. తొక్క తగ్గిన చోట వగరు కూడా తగ్గుతుంది, అందుకే నాలుక మీద మెత్తగా పోతుంది. పులుపు మాత్రం చురుగ్గా ఉంటుంది. అసలు సంగతి వాసనలో ఉంది. కొత్త వైన్‌లో చెర్రీ, స్ట్రాబెర్రీ, ఒక్కోసారి గులాబీ. వయసు పెరిగేకొద్దీ పుట్టగొడుగు, తడిసిన ఎండుటాకులు, తోలు. నోట్లో పోసుకునే ముందు అర నిమిషం వాసన చూడమని మీ వారికి చెప్పండి. నీళ్లు కలిపిన దానికి ఆ వాసన రాదు.

స్టీలు గ్లాసులో పోయకండి. పల్చటి గాజు గ్లాసు, పొట్ట వెడల్పుగా మూతి కాస్త ముడుచుకుని ఉండేది అయితే మేలు. మూడో వంతుకు మించి నింపకండి, ఆ మిగిలిన ఖాళీలోనే వాసన నిలబడుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి. రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలని చాలామంది చెబుతారు. ఆ మాట పుట్టింది చలి దేశాల్లో, ఆ పాత ఇళ్ల గదుల్లో. తిరుపతిలో మే నెల గదిలో పెట్టిన పినో నార్ తాగితే ఆల్కహాలు ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. దీనికి 13 నుంచి 16 డిగ్రీలు సరిపోతుంది. రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, తాగే పది నిమిషాల ముందు బయటికి తీయండి. మూత తీసిన బాటిల్ మళ్లీ బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు బాగుంటుంది. ఆ తర్వాత వాసన పోతుంది.

బీరువా మాత్రం వద్దమ్మా. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు మనవి, బీరువా లోపల బాటిల్ ఉడికిపోతుంది. రెండో బాటిల్‌ను ఫ్రిజ్ అడుగున కూరగాయల అర దగ్గర పడుకోబెట్టండి, ఈ ఏడాదిలోనే తీసేయండి. పినో నార్ చాలావరకు కొన్నేళ్లలో తాగడానికి చేసేదే.

మీ అబ్బాయి ఉండే రాష్ట్రానికి ఈ ద్రాక్షతో మంచి కథ ఉంది, ఫోన్‌లో మాట్లాడేటప్పుడు చెప్పండి. డేవిడ్ లెట్ అనే కుర్రవాడు 1965లో పినో నార్ మొక్కలు పట్టుకుని ఒరెగాన్‌లోని విలామెట్ వ్యాలీకి వచ్చాడు. అక్కడ చలి ఎక్కువ, వాన ఎక్కువ, ఈ ద్రాక్ష పండదని తెలిసినవాళ్లే వారించారు. ఆయన వినలేదు. 1979లో పారిస్‌లో జరిగిన పోటీలో ఆయన 1975 పినో నార్ మొదటి పదింటిలో నిలిచింది. ఫ్రాన్స్‌లో పేరున్న వైన్ వ్యాపారి రొబేర్ డ్రువాన్‌కి నమ్మకం కుదరక మరుసటి ఏడు తన ఊళ్లో, తన సొంత వైన్లు పెట్టి మళ్లీ పోటీ నడిపించాడు. ఈసారి ఒరెగాన్ వైన్ రెండో స్థానానికి వచ్చింది. 1980ల చివరికి డ్రువాన్ కుటుంబమే ఒరెగాన్‌లో భూమి కొని పినో నార్ నాటింది. తమకు పోటీగా నిలిచిన నేల మీదికే వచ్చి తోట వేసిన ఆ కుటుంబం అంటే నాకు చాలా గౌరవం.

ప్రశ్న: బంధువులు విదేశం నుంచి వచ్చి, రేణిగుంట విమానాశ్రయంలో దిగి దర్శనానికి వస్తున్నారు. సామానులో రెండు వైన్ బాటిళ్లు ఉన్నాయట. కొండకు తీసుకుపోవచ్చా?
— ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: తీసుకుపోకూడదు. సీలు తీయకపోయినా, గిఫ్టు అయినా సరే. తిరుమలలో మద్యం నిషేధం, అలిపిరిలో సామాను తనిఖీ చేస్తారు. బాటిళ్లు మీ ఇంట్లోనో, కింద బస చేసిన చోటో పెట్టి వెళ్లమనండి. అది కొండ మర్యాద కూడా.

ప్రశ్న: మాది కుప్పం దగ్గర పల్లె. నాలుగెకరాల్లో టమాటా, కొంత తోతాపురి మామిడి ఉంది. బోరు, డ్రిప్ ఉన్నాయి. మా మేనమామ వాళ్లకు కర్ణాటకలో చిక్కబళ్లాపురం వైపు ద్రాక్ష తోట ఉంది. యూట్యూబ్‌లో పినో నార్ వైన్ ధరలు చూసి రెండెకరాల్లో వేద్దామని ఉంది. మాకు డిసెంబరులో చలి బాగానే ఉంటుంది. మీ సలహా?
— ఒక యువ రైతు, కుప్పం

జవాబు: వద్దు తమ్ముడూ. ఉత్సాహం మీద నీళ్లు చల్లాలని కాదు, రెండెకరాల పెట్టుబడి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ముందు చలి సంగతి. పినో నార్ సొంత ఊరు ఫ్రాన్స్‌లోని బర్గండీ, 47 డిగ్రీల ఉత్తర అక్షాంశం. మనం 13 దగ్గర ఉన్నాం. అక్కడ శీతాకాలం తీగ ఆకులన్నీ రాల్చేసి నెలల తరబడి నిద్రపోతుంది. ఏప్రిల్ ప్రాంతంలో చిగురేసి సెప్టెంబరుకు కోతకు వస్తుంది. ఆ కాలమంతా సగటు ఉష్ణోగ్రత 14 నుంచి 16 డిగ్రీలు ఉంటేనే ఈ ద్రాక్ష హాయిగా పండుతుంది. జూన్‌లో అక్కడ పగలు 16 గంటల దగ్గర ఉంటుంది. వెలుతురు ఎక్కువ, వేడి తక్కువ అన్నమాట. మన దగ్గర తీగ నిద్రపోదు. మీ మేనమామను అడిగితే చెబుతారు, ఇక్కడ ద్రాక్షకు ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు చేస్తాం, ఏప్రిల్‌లో కొమ్మ కోసం, అక్టోబరులో కాయ కోసం. అక్టోబరులో కత్తిరిస్తే ఫిబ్రవరి, మార్చిలో కాయ పండుతుంది. అంటే చలి పోయి ఎండ ముదిరే రోజుల్లో పండుతుంది. పినోకు కావలసింది దీనికి పూర్తిగా ఎదురు. ఎండలో పండిస్తే తీపి గబగబా పెరుగుతుంది, పులుపు పడిపోతుంది, పైన చెప్పిన ఆ వాసనలు పుట్టకముందే కాయ అయిపోతుంది. మీ డిసెంబరు చలి మంచిదే. కానీ ఆ నెలలో కాయ ఇంకా పచ్చిగానే ఉంటుంది.

రెండోది వాన. ఒటాగోలో నేను కోసిన గుత్తులు ఒక్కోటి అరచేతిలో ఇమిడిపోయేవి. కాయ మీద కాయ ఒత్తుకుని, మధ్యలో అగ్గిపుల్ల దూర్చే సందు కూడా ఉండదు. కోతకు ముందు వాన పడితే కాయలు నీళ్లు తాగి ఉబ్బుతాయి. పక్కకు జరిగే చోటు లేక ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, పల్చని తొక్క పగులుతుంది. ఒక కాయ పగిలితే బోట్రైటిస్ అనే బూడిద రంగు బూజు మొత్తం గుత్తిని పట్టేస్తుంది. మేం గుత్తిని తిప్పి తోక దగ్గర వేలితో తడిమి చూసేవాళ్లం. మెత్తగా తగిలితే విప్పి చూడాల్సిందే, పైకి నిగనిగలాడుతున్నా లోపల బూజు ఉండేది. మన జిల్లాకు ఈశాన్య రుతుపవనాలతోనూ పెద్ద వానలు వస్తాయి. అక్టోబరు, నవంబరులో అల్పపీడనం పట్టిందంటే, సరిగ్గా కత్తిరింపు తర్వాత లేత చిగురు మీద, పూత మీద పడుతుంది. బూజు తెగులుకు అంతకన్నా అనువైన కాలం లేదు. గట్టి రకాలకే మందులు కొట్టి చేతులు నొప్పి పుడతాయి, దీనికి చెప్పనే అక్కర్లేదు.

చలి దేశంలోనైనా దీనికి సుఖం లేదు. త్వరగా చిగురేస్తుంది కాబట్టి వసంతంలో మంచు పడితే ఆ ఏటి పంట ఒక్క రాత్రిలో మాడిపోతుంది. బర్గండీలో అలాంటి రాత్రుళ్లు వరుసల మధ్య వందల కొద్దీ పెద్ద కొవ్వొత్తులు వెలిగిస్తారు. న్యూజిలాండ్‌లో ఎత్తయిన ఫ్యాన్లు తిప్పుతారు, అవసరమైతే హెలికాప్టర్లు తెప్పించి పైనున్న వెచ్చటి గాలిని కిందికి తోస్తారు. కాయ రంగు తిరిగితే పిట్టల కోసం వలలు కప్పుతారు.

మూడోది దిగుబడి. మన దగ్గర తినే ద్రాక్ష ఎకరాకు ఎనిమిది, పది టన్నులు తీస్తారు. బర్గండీలో అత్యున్నత శ్రేణి పినో తోటల్లో చట్టం అనుమతించే దిగుబడిని లెక్క వేస్తే ఎకరాకు దాదాపు రెండు టన్నులే. ఎక్కువ కాయిస్తే వైన్ నీరుగారిపోతుంది. ఇది కొత్త గొడవ కూడా కాదు. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్, ఎక్కువ కాసే గామే అనే ద్రాక్షను రైతులు వేసుకుంటున్నారని కోపం వచ్చి, దాన్ని పీకేసి పినోనే ఉంచాలని ఆజ్ఞ జారీ చేశాడు. రైతు వైపు నుంచి చూస్తే గామే వేసుకున్నవాళ్ల తప్పేమీ లేదని నాకు అనిపిస్తుంది. కరువులో పిల్లలకు అన్నం పెట్టేది దిగుబడే.

నీకు మామిడి ఉంది కాబట్టి ఇలా చెబితే సులువు. తోతాపురిని ట్రాక్టరులో కుమ్మరించుకుని గుజ్జు ఫ్యాక్టరీ ముందు రెండు రోజులు నిలబెట్టినా తట్టుకుంటుంది. ఇమామ్ పసందుతో ఆ పని చెయ్యలేం కదా. కాబెర్నే తోతాపురి లాంటిది, పినో నార్ ఇమామ్ పసందు.

వైన్ ద్రాక్షే వెయ్యాలని గట్టిగా ఉంటే, మన దేశంలో నాసిక్ వైపు, నంది హిల్స్ వైపు నిలదొక్కుకున్న రకాలు షిరాజ్, కాబెర్నే సావిన్యోన్, తెల్ల వాటిలో షెనిన్ బ్లాంక్, సావిన్యోన్ బ్లాంక్. పుణె దగ్గర మంజరిలో జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది. ఏ రకం, ఏ వేరు మొక్క మీద అంటు కట్టాలి అనేది అక్కడ అడుగు. మన ఉప్పు నీళ్లకూ ఎండకూ డాగ్‌రిడ్జ్ అనే వేరు మొక్క ఎక్కువ వాడతారు. అన్నిటికంటే ముందు కొనేవాళ్లు ఎవరో తేల్చుకో. వైన్ ద్రాక్ష కాయ చిన్నది, గింజలు పెద్దవి, తీపి ఉన్నా పులుపూ వగరూ ఎక్కువ. వైనరీ తీసుకోకపోతే సంతలో తినడానికి ఎవరూ కొనరు. ధర పడిపోయి టమాటా రోడ్డు మీద పారబోసిన రోజులు నువ్వు చూసే ఉంటావు. టమాటాకు మరుసటి పంట ఉంటుంది, ద్రాక్ష పందిరి పదిహేనేళ్ల సంసారం. వైనరీతో రాతపూర్వకంగా ఒప్పందం లేకుండా ఒక్క గుంత కూడా తవ్వకు.

ప్రశ్న: పినో నార్, పినో గ్రీ, పినో బ్లాంక్ అని మూడు పేర్లు కనిపిస్తున్నాయి. ఇవి అన్నదమ్ములా? మా పిల్లలకు జన్యుశాస్త్రం పాఠంలో చెప్పొచ్చా?
— ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, శ్రీకాళహస్తి

జవాబు: తప్పకుండా చెప్పండి సార్, ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అన్నదమ్ములు కూడా కాదు, మూడూ ఒకే మొక్క. తొక్కలో రంగు తయారుచేసే జన్యువుల్లో మార్పు వచ్చి నల్ల కాయ బూడిద, గులాబీ కలిసిన రంగుకు తిరిగితే పినో గ్రీ, తెల్లబడితే పినో బ్లాంక్. ద్రాక్షను గింజ నాటి కాదు, కొమ్మ కత్తిరించి పెంచుతారు కాబట్టి మార్పు వచ్చిన కొమ్మను పెంచితే ఆ రంగు నిలిచిపోతుంది. పినో నార్ తీగ మీదే ఒక కొమ్మకు వేరే రంగు గుత్తి కాయడం రైతులు చూస్తూనే ఉంటారు.

దీని సంతానం కూడా పెద్దదే. 1999లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో కరోల్ మెరెడిత్ బృందం, ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు కలిసి డీఎన్ఏ పరీక్షలు చేసి, షార్డొనే ద్రాక్షకు ఒక వైపు పినో, ఇంకో వైపు గువే బ్లాంక్ అనే అనామక తెల్ల ద్రాక్ష తల్లిదండ్రులని తేల్చారు. గామే పుట్టిందీ ఆ జంటకే. అంటే ఆ డ్యూక్ గారు పినో కోసం పీకించింది పినో బిడ్డనే. 2007లో ద్రాక్ష జన్యుపటం మొత్తం చదివినప్పుడు తీసుకున్నది కూడా పినో నార్ వంశం నుంచి తయారు చేసిన మొక్కనే. పండ్ల పంటల్లో జన్యుపటం పూర్తిగా చదివిన మొదటి పంట అదే.

ప్రశ్న: బెంగళూరులో ఒక హోటల్‌లో ఇంటర్వ్యూ ఉంది మేడమ్. బర్గండీ బాటిల్ ఫోటో చూపించి ఇది ఏ ద్రాక్ష అని అడుగుతారట. లేబుల్ మీద ద్రాక్ష పేరే ఉండదని సీనియర్లు చెప్పారు. టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థిని, చిత్తూరు

జవాబు: టెన్షన్ పడకు తల్లీ, ఇది చాలా సులువైన ప్రశ్న. బర్గండీ వాళ్లు లేబుల్ మీద ద్రాక్ష పేరు కాకుండా ఊరి పేరు, మడి పేరు వేస్తారు. కోట్ దోర్ ప్రాంతం నుంచి వచ్చిన రెడ్ అయితే పినో నార్, తెల్లది అయితే షార్డొనే. ఇది పట్టుకుంటే నూటికి తొంభై సార్లు సరిపోతుంది. బాటిల్ భుజాలు ఏటవాలుగా జారి ఉంటాయి, ఫ్రాన్స్‌లోనే ఇంకో వైన్ ప్రాంతమైన బోర్డో బాటిల్‌కు భుజాలు నిటారుగా ఉంటాయి.

అంతస్తులు నాలుగు గుర్తుపెట్టుకో. అన్నిటికన్నా కింద బూర్గోన్ (బర్గండీకి ఫ్రెంచ్ పేరు) అని ప్రాంతం పేరు మాత్రం ఉన్నది. దాని మీద ఊరి పేరు ఉన్నది: జెవ్రే షాంబెర్తన్, పొమార్, వోల్నే, వోన్ రొమానే లాంటివి. ఆ పైన ప్రెమియే క్రూ, అందరికన్నా పైన గ్రాన్ క్రూ. గ్రాన్ క్రూ మీద ఊరి పేరు కూడా ఉండదు, మడి పేరు ఒక్కటే. జర్మనీ వాళ్లు దీన్ని ష్పేట్‌బుర్గుండర్ అంటారు, ఇటలీలో పినో నెరో. ఇంటర్వ్యూలో ఈ రెండూ చెబితే నీ మీద మంచి అభిప్రాయం కలుగుతుంది. పలకడం "పీనో న్వార్", పినో స్పెల్లింగులో చివర ఉండే టి పలకకూడదు. గ్లాసు ఏది పెడతావంటే పొట్ట వెడల్పుగా ఉండే పెద్ద గ్లాసు అని చెప్పు. ఎందుకు అని అడుగుతారు, "వాసన పట్టి ఉంచడానికి సార్" అను. తాగి చూడలేదే అని దిగులు పడకు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండాలి, క్లాసులో మేం వాసనే చూపిస్తాం. వాసనతోనే సగం పాఠం అయిపోతుంది.

ప్రశ్న: ఒక వైన్ బాటిల్‌కు కోట్ల రూపాయలా? ఇది నిజమా, గాలి వార్తా?
— ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, మదనపల్లె

జవాబు: నిజమే సార్. 2018 అక్టోబరులో న్యూయార్క్‌లో సోథబీస్ వేలంలో 1945 నాటి రొమానే కోంటి బాటిల్ ఒకటి 5,58,000 డాలర్లకు పోయింది, అప్పటి లెక్కలో దాదాపు 4 కోట్ల రూపాయలు. పినో నార్ వైనే అది. బర్గండీలోని రొమానే కోంటి మడి మొత్తం 1.8 హెక్టార్లు, మన లెక్కలో నాలుగున్నర ఎకరాలకు కాస్త తక్కువ. 1945లో అక్కడ తయారైంది దాదాపు 600 బాటిళ్లు. ఆ తర్వాత పాత తీగలు పీకి కొత్తవి నాటారు. మిగిలినవి ఎన్నో ఎవరికి తెలుసు, అందుకే ఆ వేలంపాట.

అది అరుదైన బాటిళ్లు సేకరించేవాళ్ల ఆట, దాన్ని పక్కన పెడదాం. నాకు ముఖ్యమనిపించేది వేరే. బర్గండీలో మధ్యయుగాల నుంచి సన్యాసులు తోటలు సాగు చేస్తూ, ఏ మడిలో ఏ రుచి వస్తుందో గమనించి, రాతి గోడలు కట్టి, ఒక్కో మడికి ఒక్కో పేరు పెట్టారు. ఆ మడులను 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకే మనిషి, ఒకే ద్రాక్ష, ఒకే పద్ధతి. బండి బాట ఇవతల మడికి ఒక వాసన, అవతల మడికి ఇంకో వాసన. మందమైన తొక్క ద్రాక్షల్లో రంగు, వగరు ముందుకొచ్చి ఈ తేడాను కప్పేస్తాయి. పినోలో కప్పేది ఏమీ లేదు కాబట్టి నేల, వాన, ఆ ఏటి ఎండ అన్నీ తెలిసిపోతాయి. చేసినవాడి అజాగ్రత్త కూడా తెలిసిపోతుంది. వైనరీలో తొట్టి పైకి తేలిన తొక్కలను కర్రతో కిందికి నొక్కేటప్పుడు మా మేస్త్రి పక్కన నిలబడి "మెల్లిగా, మెల్లిగా" అని హెచ్చరిస్తూనే ఉండేవాడు. గట్టిగా నలిపితే గింజల చేదు దిగుతుంది.

ప్రశ్న: రెడ్ వైన్ గుండెకు మంచిదని, పినో నార్‌లో రెస్వెరట్రాల్ అనే పదార్థం ఎక్కువని వాట్సాప్‌లో వచ్చింది. నాకు బీపీ ఉంది. రోజూ కొంచెం తీసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: ఆరోగ్యం కోసమైతే తాగకండి. రెస్వెరట్రాల్ పినోలో ఉన్న మాట నిజమే, కానీ మందులా పని చేసేంత మోతాదు గ్లాసు వైన్‌లో ఉండదు. ఆల్కహాలు ఏ మోతాదులోనూ ఆరోగ్యానికి సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. మీకు బీపీ ఉంది కాబట్టి పండగ రోజు ఒక గ్లాసైనా మీ డాక్టరును అడిగాకే. అలవాటు లేనివాళ్లు కొత్తగా మొదలుపెట్టాల్సిన పని అసలు లేదు.

ప్రశ్న: మా అల్లుడు మొదటిసారి పినో నార్ రుచి చూడాలంటున్నాడు. ఏది కొనాలి? మా ఇంటి వంటలతో కుదురుతుందా? మా ఆవిడ శాకాహారి, అందులో గుడ్డు వాడతారని ఎవరో చెప్పారట.
— ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: బర్గండీ పెద్ద పేర్ల జోలికి పోకండి. మొదటిసారికి న్యూజిలాండ్‌లోని మార్ల్‌బరో, చిలీలోని కాసాబ్లాంకా లోయ, లేకపోతే మామూలు బూర్గోన్ రెడ్, వీటిలో ఏదైనా సరిపోతుంది. మీకు బెంగళూరు దగ్గరే కాబట్టి అక్కడి పెద్ద షాపుల్లో చూడండి. లేబుల్ మీద సంవత్సరం చూసి నాలుగైదేళ్లకు మించి పాతది కాకుండా తీసుకోండి. షాపులో ఏసీ ఉందా, బాటిల్ ఎండ తగిలే అద్దం దగ్గర నిలబెట్టారా, ఇది కూడా చూడండి. పల్చని వైన్‌కు వేడి దెబ్బ త్వరగా తగులుతుంది.

వంటల విషయంలో నిజం చెప్పాలి. రాగి సంగటి, నాటుకోడి పులుసు పక్కన పెడితే ఇది నిలబడదు. మిరపకారం ఆల్కహాలు మంటను పెంచుతుంది, చింతపండు పులుపు ముందు దీని పులుపు చప్పబడిపోతుంది. కారం తగ్గించి మిరియాలతో చేసిన పుట్టగొడుగుల వేపుడు దీనికి బ్రహ్మాండంగా కుదురుతుంది. నిప్పుల మీద కాల్చిన వంకాయ, వేయించిన పనీరు, మాంసాహారులకైతే మసాలా తక్కువ వేసిన కోడి రోస్టు. ఊరగాయలు ఆ పూట బల్ల మీద వద్దు.

గుడ్డు మాట నిజమే. రెడ్ వైన్‌లో వగరు తగ్గించి తేట చేయడానికి గుడ్డు తెల్లసొన వాడటం పాత పద్ధతి. అది వైన్‌లోని కొన్ని పదార్థాలను పట్టుకుని అడుగుకు దిగుతుంది, తర్వాత పైతేటను వేరు చేస్తారు. కొందరు చేపల నుంచి తీసిన పదార్థం కూడా వాడతారు, దాన్ని ఎక్కువగా తెల్ల వైన్లకు వాడతారు. పినోలో వగరు తక్కువే కాబట్టి చాలామంది ఏమీ కలపకుండా వదిలేస్తారు. మీ ఆవిడకు పట్టింపు ఉంటే లేబుల్ వెనక వీగన్ అని రాసి ఉన్నదే తీసుకోండి, లేదా ఆ పూట ఆవిడకు ద్రాక్ష రసం పోయండి.